జకరయ్య పలికిన చకారం

అబుదాబి శివారు ముసఫ్ఫాలోని కార్మికుల వసతిగృహం మూడో అంతస్తులో, సెలవునాటి మధ్యాహ్నం భోజనాలయ్యాక, జకరయ్య ఫ్రెంచి సినిమా కథ చెప్పడం ఏళ్ల తరబడి సాగిన ఆచారం. మునుపు శుక్రవారం చెప్పేవాడు. దేశంలో వారాంతపు సెలవు మారిన తరువాత ఆదివారం చెప్పసాగాడు. వినేవాళ్లకు ఆ కథ కంఠతా వచ్చు. అయినా ఇనుప మంచాలమీద కాళ్లు ముడుచుకుని, పాలు లేని టీ గ్లాసులు చేతపట్టుకుని, కొత్తగా వింటున్నట్టే వినేవారు.

నలుపు తెలుపుల పాత సినిమా అది. పారిస్ నగరంలో ఒక నాటకశాల. నాటకం రక్తి కట్టిన వేళ, పడకూడని చోట తెర పడుతుంది. తిరిగి లేచేసరికి నాయిక వేషం కట్టిన మనిషి రంగస్థలంమీద ప్రాణం లేకుండా పడి ఉంటుంది. ఆపైన టోపీ తీయని ఇన్‌స్పెక్టరు ఒకడు నాటకశాల మూలమూలలా తిరుగుతూ, యజమాని మొదలు ఊడ్చే మనిషి దాకా అందరినీ నిలదీస్తాడు. కడపట ఇద్దరు పోలీసులు తెర దించే ముసలివాణ్ణి చెరో రెక్కా పట్టుకుని మెట్లు దింపి తీసుకుపోతారు.

"మరైతే సంపింది ఎవరు బాబాయ్?" అని సిలాస్ ప్రతిసారీ ఏమీ ఎరగనట్టు అడిగేవాడు. సిలాస్‌ది జకరయ్య ఊరి పక్క ఊరు, వరసకు కొడుకవుతాడు, ఆయన పనిచేసే నాటకశాల హాలులోనే ఎలక్ట్రీషియను.

"సంపింది కాదురా, చంపింది. నలభై ఏళ్లొచ్చినా నీకు చకారం పలకదు."

"నా నోట్లో ఉన్నది సకారమే బాబాయ్. దాంతోనే పెళ్లి కుదిరింది, దాంతోనే పిల్లలు పుట్టారు. సంపిందెవరో సెప్పు."

గది గొల్లుమనేది. నవ్వులు సద్దుమణిగేదాకా ఆగి, జకరయ్య గొంతు తగ్గించి అనేవాడు: "తెర దించినవాడే. తాడు వదిలినవాడిదే పాపం."

యాసీన్ ఒక్కడు ఒప్పుకునేవాడు కాదు. అతడు బీహారువాడు, జకరయ్య చేతికింద తాళ్ల పని చేసేవాడు. కథలోని తెలుగు సగం తెలియకపోయినా, ముగింపు దగ్గరికి రాగానే మంచం దిగి వచ్చి వాదనకు నిలబడేవాడు.

"నహీ చాచా. ఉస్ బేచారే నే తో సిర్ఫ్ రస్సీ ఛోడీ. కిసీ నే బోలా హోగా, తభీ ఛోడీ."

ఆ ముసలివాడు తాడు వదలడం తప్ప ఏం చేశాడు, ఎవరో వదలమని ఉంటారు, అందుకే వదిలాడు అని అతడి వాదన.

"తాడు పట్టినవాడికి సాకులుండవు బేటా" అని తీర్పు చెప్పి జకరయ్య కథ ముగించేవాడు.

ఆ సినిమాను ఆయన తొమ్మిదిసార్లు చూశాడు. అన్నిసార్లూ తెర వెనుకనుంచే చూశాడు. అబుదాబిలో ఆయన పనిచేసే హాలులో ఏటా అక్టోబరు నెలలో ఒక వారం ఫ్రెంచి సినిమాలు వేసేవారు. నాటకశాలలో నాటకశాల సినిమా వేయడం వాళ్లకొక ముచ్చట కాబట్టి ఈ సినిమా ఏ ఏడూ తప్పేది కాదు. ఆట నడుస్తున్నంతసేపూ రంగస్థలంమీద తెర వెనుక ఒక స్టూలు వేసుకుని కూర్చోవడం ఆయన విధి. అక్కడినుంచి బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనబడేది. అడుగున వచ్చే ఇంగ్లీషు అక్షరాలు తలకిందులు కాకపోయినా తిరగబడి నడిచేవి. సరిగా నడిచినా ఆయన చదవగలిగేవాడు కాదు. మాట తెలియని ఆ బొమ్మలోనుంచి ఆయన ఒక కథ అల్లుకున్నాడు. తొమ్మిదేళ్లలో ఆ కథ గట్టిపడిపోయింది.

నాటకశాల అంటే ఆయనకు ఉన్న భక్తి అటువంటిది మరి. నరసాపురం దగ్గర ఉప్పుకాలవ ఒడ్డున ఒక పేటలో పుట్టాడు. తండ్రి ఒక పద్యనాటక సమాజంవారి సామాన్ల బండి తోలేవాడు. బండి వెంట వెళ్లిన పిల్లవాడు మొదట తెర లాగాడు. తరువాత, నాలుగు అక్షరాలు వచ్చినవాడు కాబట్టి, తెర చాటున నిలబడి నటులకు మాట అందించే పనికి ఎక్కాడు. మాట అందించేవాడి ఉచ్చారణ చెడితే నటుడి ఉచ్చారణ చెడుతుంది. అందుచేత హార్మోనియం మేస్టారు ఆ పిల్లవాడి నోటిలోనుంచి సకారాన్ని పెరికి చకారాన్ని నాటే పని పెట్టుకున్నాడు. "సూడు" అన్నప్పుడల్లా వేలి కణుపులమీద పేముబెత్తం పడేది. ఆరు నెలలు తిరిగేసరికి పేటలో ఎవరికీ లేని చకారం జకరయ్య నాలుకకు వచ్చింది. తల్లి మురిసింది. తోటివాళ్లు వెక్కిరించారు.

కాని ఆ విద్య సగంలోనే ఆగింది. తెలుగులో చకారాలు రెండు: చరిత్రలోని చకారం వేరు, చూడులోని చకారం వేరు, రెండోది పళ్ల సందున మెత్తగా పుడుతుంది. మేస్టారు మొదటిదాన్ని గట్టిగా నేర్పాడు; రెండోదాని దగ్గరకు వచ్చేలోగానే సమాజం మూతపడింది. అందువల్ల జకరయ్య యావజ్జీవం చరిత్రలోని చకారంతోనే చూడు అన్నాడు, గుండ్రంగా, బిగ్గరగా, హాలు చివరి వరసకు వినబడేటట్టు. చదువుకున్నవాళ్లెవరైనా దాన్ని వింటే కొంచెం ఎబ్బెట్టుగా ఉండేదేమో. ఎవరూ ఆయనతో ఆ మాట అనలేదు. తన జన్మలో తాను సంపాదించుకున్నవాటిలో ఎవరూ తీసుకుపోలేనిది అదొక్కటేనని ఆయన నమ్మకం.

దుబాయ్ వచ్చింది రెండువేల మూడులో. మొదట సత్వాలో పదిమంది పడుకునే ఫ్లాటులో ఉంటూ పెళ్లి పందిళ్లకు వెదురూ గుడ్డా మోశాడు. అటుపైన ఈ హాలులో తాళ్ల పని దొరికింది. భార్య కృపారాణి నర్సు. ఆమె కల్బాలో ఒక చిన్న క్లినిక్కులో కుదిరింది. ఇద్దరూ ఒకే దేశంలో ఉన్నా, అబుదాబినుంచి కల్బా వెళ్లాలంటే బస్సులు మారి మారి పూట పడుతుంది కాబట్టి, నెలకొకసారి కలుసుకునే దాంపత్యం వాళ్లది.

హాలులో తాళ్ల శాస్త్రం పెట్టింది జకరయ్యే. రంగస్థలంపైన ఇనుప పైపులు వేలాడుతుంటాయి. తెరలు, లైట్లు వాటికే కడతారు. పైపును తాడుతో లాగేవాడు పక్కన నల్లగుడ్డ చాటున ఉంటాడు. వాడికి రంగస్థలం కనబడదు. పైనున్న ఇనుప నడవమీద జకరయ్య నిలబడి, లేచి వచ్చిన పైపు రెండు కొసలనూ గొలుసులకు తగిలిస్తాడు. రెండు గొలుసులూ బరువు అందుకున్నాక ఆయన "ఛోడో" అంటాడు. అప్పుడు కిందివాడు చేతులు తీస్తాడు. హిందీలో ఆ మాటకు వదులు అని అర్థం. ఏడుగురు పనివాళ్లు నాలుగైదు భాషలవాళ్లు కాబట్టి, తాడు దగ్గర తెలుగు, మలయాళం, పష్తో ఏదీ నోట రాకూడదని ఆయనే కట్టడి చేశాడు. యాసీన్ పనిలో చేరిననాడు చెవి పట్టుకుని మరీ చెప్పాడు: "కళ్లతో పని లేదు నీకు. నా గొంతు విను. మేరీ ఆవాజ్ సునో, బస్. నేనంటే వదులు; దేవుడు దిగివచ్చి చెప్పినా వదలకు."

యాసీన్ ఆ మాటను వేదంగా పట్టుకున్నాడు.

రెండువేల ఇరవైలో కరోనా వచ్చి హాలు మూతపడింది. తిరిగి తెరిచేసరికి ఏడుగురిలో ముగ్గురు మిగిలారు: పైన జకరయ్య, కింద యాసీన్, అన్నిటికీ సిలాస్. చేతిలో పట్టుకుని మాట్లాడుకునే రేడియోలు స్టోరులో చెడిపోయి పడి ఉన్నాయి, కొత్తవి వస్తాయన్నారు. రాలేదు. పని మాత్రం తగ్గలేదు.

రెండువేల ఇరవైరెండు అక్టోబరులో, రెండేళ్ల విరామం తరువాత, ఫ్రెంచి సినిమాల వారం మళ్లీ వచ్చింది. ఆనాడు పొద్దున్నే హాలు పెత్తనం చూసే ముదీర్ మధ్యలో నిలబడి గడియారం చూపిస్తూ "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. సినిమా తెర కట్టిన పైపు పైకి లేచింది. జకరయ్య నడవమీద ఒక కొసకు గొలుసు తగిలించి, రెండో కొసకు నడిచి వెళ్తూ కిందికి చూశాడు. సిలాస్ తెర ముడతలు సరిచేస్తూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. వాడి వెనుక ఒకటిన్నర అడుగులో రంగస్థలం అంచు. అంచు కింద వాద్యగాళ్లు కూర్చునే గొయ్యి.

"చూడు" అని అరిచాడు జకరయ్య. "చూడు, చూడు."

ఎత్తైన ఆ కప్పు కింద ఆయన చకారం గుండ్రంగా తిరిగింది. ఉకారాలు సాగి ఓకారాలయ్యాయి. సిలాస్ ఆగి తలెత్తి చూశాడు. నల్లగుడ్డ చాటున యాసీన్ చేతులు తీశాడు.

ఒక కొస గొలుసుకు వేలాడుతుండగా రెండో కొస జారి, పైపు ఏటవాలుగా దిగి సిలాస్ తుంటిమీద పడింది.

తాను ఏమన్నదీ, యాసీన్ ఏం విన్నదీ జకరయ్యకు మెట్లు దిగుతుండగానే తెలిసిపోయింది. ఇంకెవరూ చెప్పనక్కరలేదు. తన తల్లి నోటి మాటే తన నోట మిగిలి, "సూడు" అని ఉంటే, సిలాస్ తలెత్తేవాడు, యాసీన్ తాడు పట్టుకునే ఉండేవాడు. మూడో మెట్టుమీద ఆయన ఈ సంగతి గ్రహించాడు. కిందికి వచ్చేసరికి యాసీన్ రెండు చేతులూ గాలిలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చాచా, ఆప్ నే బోలా న? ఛోడో బోలా న?"

"నేను ఛోడో అనలేదు" అన్నాడు జకరయ్య.

అది అబద్ధం కాదు.

మర్నాడు కంపెనీ భద్రతాధికారి కాగితం ముందు పెట్టుకుని అడిగిన ప్రశ్న కూడా అదే. ఛోడో అన్నావా? అనలేదు సర్. అతడు టిక్కు పెట్టుకుని తరువాతి గడికి వెళ్లాడు. మరేమన్నావు అని అడిగే గడి ఆ కాగితంలో లేదు. అడిగితే చెప్పేవాణ్ణే అని జకరయ్య తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. తాడు దగ్గర తెలుగు రాకూడదన్న కట్టడి ఆయనది. దాన్ని దాటినవాడూ ఆయనే. అరవై నిండడానికి రెండేళ్లుంది. ఆ రెండేళ్లూ ఈ హాలులో నిలబడితే కృపారాణితో కలిసి పరువుగా ఇంటికి పోవచ్చు. చెబితే రేపే విమానాశ్రయం బస్సెక్కాలి. చెప్పకపోతే బస్సెక్కేది యాసీన్.

ఆసుపత్రిలో సిలాస్ కాలికి బరువులు వేలాడదీశారు. నర్సు బయటికి వెళ్లేదాకా ఆగి అన్నాడు: "బాబాయ్, నువ్వు నాకేసి సూడమన్నావు గదా."

"అన్నాను."

"ఆడికదెట్టా ఇనపడిందో నాకు పడుకున్నాక తెలిసింది." బరువులు కట్టిన కాలిని చూపించాడు. "నువ్వు కేకెయ్యకపోతే నేను గోతిలో పడేవోణ్ణి. మెడ ఇరిగేది. తుంటి ఇరిగింది. నయవే గదా."

"నన్ను అడిగినప్పుడు చెప్పలేదురా."

"నన్నూ అడిగారు. బాబాయ్ ఏం అన్లేదని సెప్పేను. మనోడివి నిన్నెలా ఇచ్చేస్తాను?" అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "ఆడు మంచోడే పాపం."

ఆ నెల కల్బా వెళ్లినప్పుడు కృపారాణికి అంతా చెప్పాడు. రెండేళ్లపాటు మాస్కు తీయకుండా మనుషులు పోవడం చూసిన మనిషి ఆమె, తొణకకుండా వింది.

"ఛోడో అన్నారా అనడిగారు. లేదన్నారు. అందులో అబద్ధం ఎక్కడుందండి?"

"అబద్ధసాక్ష్యం పలకకూడదని తొమ్మిదో ఆజ్ఞ ఉంది గదా."

"ఆజ్ఞలన్నీ మనమే మొయ్యాలా? వీసా రాసిచ్చేవాళ్లకి ఒక్కటి కూడా లేదా?" చేపముక్క ఆయన కంచంలో వేసి, ముల్లు తానే తీసి పక్కన పెట్టింది. "తినండి. బస్సుకి ఆలస్యమవుద్ది."

ఆయన తిన్నాడు.

యాసీన్‌కు తన చేతులమీద అనుమానం రాలేదు, చెవులమీద వచ్చింది. చాచా అననిది తనకు వినబడిందంటే చెవుల్లో ఏదో దోషం ఉండాలని, సెలవు పెట్టి వెళ్లి పరీక్ష చేయించుకున్నాడు. ఆ కాగితం తెచ్చి జకరయ్యకు చూపించాడు. రెండు చెవులకూ రెండు గీతలు, పక్కన డాక్టరు సంతకం. రెండూ శుభ్రంగా ఉన్నాయట.

"కాన్ తో ఠీక్ హై చాచా. ఫిర్ క్యా సునా మైనే?" చెవులు బాగానే ఉంటే మరి నేను విన్నదేమిటి అని అడుగుతున్నాడు. కోపంతో అడగడం లేదు. తాళ్ల సంగతులు తెలిసిన పెద్దవాడు కాబట్టి అడుగుతున్నాడు.

జకరయ్య ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి తిరిగి ఇచ్చాడు. "ఒక్కోసారి అలా అవుతుంది" అన్నాడు హిందీలో.

నివేదికలో తాడు వదిలినవాడిదే తప్పని రాశారు. యాసీన్ పని అయిపోయిందని ముదీర్ ఒక్క మాటలో "ఖలాస్" అన్నాడు. యాసీన్ వెళ్లే రోజు ఉదయం బస్సు గేటు దగ్గర ఆగింది. అతడు పెట్టె లోపల పెట్టించి, మళ్లీ దిగి వచ్చాడు. జకరయ్య మోకాళ్లకు చేతులు తాకించాడు.

"మాఫ్ కర్‌నా చాచా. మై నే సబ్ కే సామ్‌నే ఆప్ కా నామ్ లియా."

అందరి ముందూ మీ పేరు చెప్పాను, క్షమించండి అంటున్నాడు. బస్సు తలుపు మూసుకుంది. ఆ ఆదివారం గదిలో ఎవరూ సినిమా కథ అడగలేదు. అడిగితే బాగుండునని జకరయ్య ఒక పక్క కోరుకున్నాడు కూడా. తాడు వదిలినవాడిదే పాపం అని ఇంకొక్కసారి పదిమంది ముందు అనగలిగితే, తన నోటినుంచే తనకు కొంత ఊరట దొరికేది.

తరువాతి ఏడు అక్టోబరులో మళ్లీ ఆ సినిమా వచ్చింది. అప్పటికి సిలాస్ కర్ర ఊతంతో ఇంటికి చేరి నెలలు దాటింది. తాళ్ల పనికి కొత్త మరలు, కొత్త మనుషులు వచ్చారు. రంగస్థలంమీద జకరయ్య అవసరం తగ్గింది. కార్యక్రమాలు చూసే ఉద్యోగిని వైదేహి ఆయనను కాఫీ గది దగ్గర చూసి పలకరించింది. ఆమెది విజయవాడ, ఫ్రెంచి చదువుకున్న మనిషి.

"జకరయ్యగారూ, ఈసారైనా తెరకి ముందువైపు కూర్చుని చూడండి. వెనక సీట్లన్నీ ఖాళీయే. నేను పక్కన కూర్చుని చెప్తాను."

అలా పదోసారి, తొలిసారిగా, ఆయన తెరకు ఎదురుగా కూర్చున్నాడు. బొమ్మ తిరగబడింది. ఎడమవైపు ఉండే తలుపు కుడివైపుకు వచ్చింది. ఇన్‌స్పెక్టరు టోపీ ఇంకో పక్కకు ఒరిగింది. వైదేహి గుసగుసగా మాటలు చెబుతూ వచ్చింది. కడపట పోలీసులు ముసలివాడి రెక్కలు పట్టుకున్నారు.

"చంపింది ఇతనే గదమ్మా" అన్నాడు జకరయ్య.

"ఈయనా? అయ్యో, కాదండీ. చంపింది ఆ గూట్లో కూర్చునేవాడు. చూశారుగా, స్టేజీ ముందు చిన్న గూడు ఉంది, అందులోంచి నటులకి మాటలందిస్తాడే, ప్రాంప్టరు. తెర దించమనే మాట వాడే కావాలని ముందు చెప్పేస్తాడు. ఈయన ఆ గొంతుని నమ్మి దించేస్తాడు. ఆ చీకట్లో వాడు పని కానిస్తాడన్నమాట."

"మరి పోలీసులు..."

"పట్టుకోలేదండీ. ఆయన ఏడుస్తూ కూలబడిపోతుంటే లేవదీసి ఇంటికి పంపిస్తున్నారు. 'నేను విన్నాను, నేను విన్నాను' అంటుంటాడు. పిచ్చివాడైపోయాడని ఎవరూ వినరు."

లైట్లు వెలిగాయి. వైదేహి లేచి, ఆయన లేవకపోవడం చూసి మళ్లీ కూర్చుంది. ఇన్నేళ్లుగా అందరి ముందూ తాను ఉరితీయించిన ముసలివాడు నిరపరాధి. మాట అందించేవాడు దోషి. ఆ సినిమాలోవాడు కావాలని చేశాడు, నేను కావాలని చేయలేదు అని జకరయ్య ఆ కుర్చీలోనే ఒక భేదం వెతుక్కున్నాడు. కాని చేసిన తరువాత సంగతి ఉంది కదా. సినిమాలోవాడు రెండు గంటలు దాచాడు. తాను ఏడాదిగా దాస్తున్నాడు.

యాసీన్ దగ్గరనుంచి ఆయన ఫోనులో మాట సందేశాలు నాలుగు ఉన్నాయి. అన్నీ ఒకటే సంగతి. పాట్నాలో ఏజెంటు వేరే దేశానికి పంపుతానంటున్నాడు. పాత పనిలో తప్పు రాసి ఉంది కాబట్టి, అక్కడి పెద్ద పనివాడెవరైనా ఆనాడు నిజంగా ఏం జరిగిందో కాగితంమీద రాసి సంతకం పెట్టి పంపితే చాలునంటున్నాడు. మీరు ఏం చూశారో అదే రాయండి చాచా, నాకోసం ఎక్కువ రాయొద్దు అని నాలుగో సందేశంలో ఉంది. నాలుగింటికీ జకరయ్య జవాబివ్వలేదు.

ఆ తరువాతి ఆదివారం ఆయన తెల్లకాగితాలు తెచ్చుకుని మంచంమీద కూర్చుని రాశాడు. ఒక్క తప్పు లేకుండా రాశాడు. ఏ తేదీన, ఏ వేళకు, పైపు ఏ కొస గొలుసుకు ఉన్నదీ, ఏ కొస లేనిదీ. సిలాస్ అంచుకు ఎంత దూరంలో ఉన్నదీ. తాను చూడు అని మూడుసార్లు అన్నదీ. ఆ మాట హిందీ చెవికి ఎలా వినబడుతుందో అదీ. తాడు పట్టిన మనిషి తన ఆజ్ఞనే పాలించాడనీ, దోషం తన నాలుకదేననీ. మేస్టారు చూస్తే మెచ్చుకునే రాత అది. కింద సంతకం పెట్టాడు. సోమవారం దాన్ని వైదేహి బల్లమీద పెట్టి, ఇంగ్లీషులోకి మార్చగలరా అని అడిగాడు.

ఆమె రెండుసార్లు చదివింది. రెండోసారి చదివేటప్పుడు పెదవులు కదిలించి చూడు, ఛోడో అని తనలో తాను అనుకుంది.

"మారుస్తానండీ. ఇవాళే మారుస్తాను" అంది. "కాని ఇది చదివాక నేను చూడనట్టు ఉండలేను. ఒక కాపీ ఆఫీసుకి ఇవ్వాలి. మీకేమవుతుందో మీకు తెలుసు కదా. మీరు సరేనంటే ఇప్పుడే మొదలుపెడతాను."

అరవై నిండడానికి పది నెలలు ఉంది.

"ఆలోచించుకుని చెబుతానమ్మా" అని కాగితం తీసుకున్నాడు. గది సంగతి కూడా ఆలోచించాడు. హిందీ రాయగలవాళ్లు అక్కడ నలుగురున్నారు; వాళ్లకు ఇవ్వాలంటే వాళ్లకు చెప్పాలి. మూడు రోజులు ఆ కాగితం దిండుకింద ఉంది. నాలుగో రోజు మధ్యాహ్నం, కొత్త మరల గది పక్కన ఎండలో నిలబడి, ఆ తెలుగు కాగితాన్నే ఫోటో తీసి యాసీన్‌కు పంపించాడు. చెప్పినట్టూ ఉంటుంది, ఎవరికీ తెలియనట్టూ ఉంటుంది. ఆ ఎరుక లేకుండా పంపాడని చెప్పడానికి వీలులేదు.

పావుగంటలో జవాబు వచ్చింది. గొంతులో సంతోషం ఉంది.

"చాచా, కాగితం అందింది. అల్లా మీకు మేలు చేయాలి. కాని ఇది ఏ భాష? ఏజెంటుకి చూపించాను, వాడు నవ్వాడు. మా బస్తీలో దీన్ని చదివేవాడు లేడు. మీరే కొంచెం చెప్పండి, హిందీలో. నేను ఎవరిచేతనైనా రాయించుకుంటాను. ఏం రాశారు చాచా?"

జకరయ్య ఆ సందేశాన్ని మూడుసార్లు విన్నాడు. ఫోను నోటి దగ్గరకు తెచ్చుకుని బొత్తాం నొక్కాడు. ఎర్రచుక్క వెలిగింది, అంకెలు కదలసాగాయి. చెప్పవలసిన వాక్యం చిన్నది. మై నే దేఖో బోలా థా, అప్‌నీ భాషా మే: నేను చూడు అన్నాను, నా భాషలో. హిందీ కూడా ఆయనకు బాగానే వచ్చు.

అంకెలు ఇరవై దాటాయి. ముప్పై దాటాయి.

"ఛోడో బేటా" అన్నాడు చివరకు. "ఛోడో."